పనివేళల్లో చలి లేదు

సోమరాజుపేటలో ఆ ఏడు క్రిస్మస్ తాత రోహిణి కార్తెలో దిగాడు. దిగిన కాసేపటికే వడదెబ్బ తగిలి పడిపోయాడు.

పడిపోయినవాడు నిజానికి నందనవనం షాపింగ్ మాల్ వాచ్‌మన్ అప్పన్న. అతనికి ఎర్ర ఉన్ని కోటు తొడిగి, దూది గడ్డం అంటించి, చేతికో గంట ఇచ్చి, "క్రిస్మస్, న్యూ ఇయర్, సంక్రాంతి మహా మేళా! ముందు కొన్నవారికి ముందే పండగ!" అన్న బ్యానరు కింద ఎండలో నిలబెట్టారు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. అప్పన్న వాయించినంతసేపు గంట వాయించి, ఉన్నట్టుండి విరుచుకు పడిపోయాడు. దారిన పోయేవాళ్ళు పరిగెత్తుకొచ్చి మజ్జిగ పట్టారు. గడ్డంలో ఏది దూదో ఏది అప్పన్నదో తెలియక పీకడంలో కాస్త ఆలస్యమైంది గానీ, ప్రాణానికి ప్రమాదం లేకపోయింది.

ఈ పాపమంతా మాల్‌దే అంటే అబద్ధమాడినట్టు. మాల్‌కి ఎదురుగా కామేశం కొట్టు ఉంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో చలికాలపు పండగ బేరాలు కార్తీకమాసం వెళ్ళాక మొదలయ్యేవి. ఒక ఏడు మాల్‌వాళ్ళు దీపావళికే బ్యానరు కట్టారు. మరుసటేడు కామేశం రోషంకొద్దీ దసరాకే కట్టాడు. మాల్‌వాళ్ళు వినాయక చవితి పందిట్లో, ఉండ్రాళ్ళ పక్కన స్వెట్టర్లు పెట్టారు. కామేశం శ్రావణ శుక్రవారం పేరంటాళ్ళకు వాయనంతో పాటు మంకీ క్యాప్ ఇచ్చాడు. అలా ఒకరినొకరు వెనక్కి తోసుకుంటూ పోయి, చివరికి చలికాలాన్ని తీసుకెళ్ళి మండుటెండలో పడేశారు. ఇంకొక్క అడుగు వేస్తే వచ్చే ఏడు పండగ బేరాలు ఈ ఏడు పండగ కంటే ముందే మొదలయ్యేవి. మనుషులకి సిగ్గు లేకపోతే క్యాలెండరుకి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కామేశం పూర్తి పేరు గ్రంధి కామేశ్వరరావు. కొట్టు పేరు "కామేశం అండ్ సన్స్". రగ్గులు, దుప్పట్లు, స్వెట్టర్లు, మఫ్లర్లు. సన్స్ లేరు. బోర్డు రాయించిన నాడు పుడతారనుకున్నాడు. పుట్టింది ఒక్కత్తే కూతురు, సువర్చల. బీకాం చదివి ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. బోర్డు మార్చమని ఆమె అడిగినప్పుడల్లా కామేశం, "రంగు ఇంకా బాగానే ఉందమ్మా" అంటాడు.

అతనిది చలికాలంలో సంపాదించుకుని మిగతా ఏడాదంతా నెట్టుకొచ్చే వ్యాపారం. ఒక్క చలికాలం తప్పితే కొట్టు నిలవదు. ఆ సంగతి మాల్ మేనేజరుకీ తెలుసు. మాల్‌కి కార్లు పెట్టుకునే చోటు చాలడం లేదు. అందుకని ఆయన రోజూ పొద్దున్న కారు దిగి, కామేశానికి నమస్కారం పెడుతూ, కొట్టు వెడల్పు కళ్ళతో కొలుచుకుని లోపలికి పోతుంటాడు.

అప్పన్న పడిపోయిన రోజు కామేశానికి మంచి ఆలోచన వచ్చిందనిపించింది. మనిషికి మంచి ఆలోచన వచ్చిందనిపించినప్పుడు పక్కన ఎవరైనా ఉండి చెయ్యి పట్టుకోవాలి. సువర్చల పట్టుకోబోయింది.

"ఏం రాస్తున్నావు నాన్నా?"

"మున్సిపాలిటీకి అర్జీ. పండగ బేరాలు ఎప్పుడు మొదలెట్టాలో ప్రభుత్వమే చెప్పాలని."

"నువ్వూ మేనేజరూ పిచ్చిపని చేశారు. దాన్ని ఆపమని మున్సిపాలిటీని పిలుస్తావేంటి? ఒకసారి వచ్చాక వాళ్ళని ఆపమని ఎవరికి రాస్తావు?"

"నీకు తెలీదమ్మా. రూలంటూ ఒకటుంటే వాడికీ మనకీ ఒకటే."

అర్జీ వెళ్ళిపోయింది.

మామూలుగా అయితే ఆ మున్సిపాలిటీలో అర్జీలు కాళ్ళు చాపుకుని నిద్రపోతాయి. ఇది పోలేదు. దానికో కారణం ఉంది. ఆ మధ్యే పై నుంచి ఉపేంద్ర ప్రసాదరావు అనే ప్రత్యేకాధికారిని ఈ ఊరికి వేశారు. ఆయనకు గది ఇచ్చారు, కుర్చీ ఇచ్చారు, బిళ్ళ బంట్రోతుని ఇచ్చారు. పని ఇవ్వడం మాత్రం మరిచిపోయారు. ఆయన రోజూ వచ్చి కూర్చుని, గోడ గడియారం కేసి చూసి వెళ్ళిపోతుండేవాడు. కామేశం అర్జీ బల్ల మీద పడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వారం తిరక్కుండా "శీతకాల పండుగ విక్రయ ప్రచార క్రమబద్ధీకరణ మండలి" వెలిసింది. దానికి ఆయనే అధ్యక్షుడు. సత్తిరాజు అనే మనిషి సీజన్ ఇన్‌స్పెక్టరు. ఇంకా కొందరు సభ్యులు ఉండేవారు గానీ, టీ తాగడానికి తప్ప వాళ్ళు నోరు తెరిచిన దాఖలా లేదు.

మండలి తొలి ఉత్తర్వు ఊరంతా అంటించారు.

"ఇందుమూలముగా సమస్త వర్తకులకు తెలియజేయునది ఏమనగా, శీతకాలము వచ్చినట్లు మండలి ధ్రువీకరించు వరకు శీతకాల పండుగలకు సంబంధించిన ఏ వస్తువునైనను ప్రదర్శించుట, ప్రకటించుట, పొగడుట, కొనుగోలుదారునకు గుర్తు చేయుట పూర్తిగా నిషిద్ధము. శీతకాలము వచ్చినదనుటకు చలియే ప్రమాణము. చలి అనగా మండలి సభ్యులు సమావేశమందు ఆసీనులై ఏకగ్రీవముగా అనుభవించిన చలి మాత్రమేనని గ్రహించవలెను. అతిక్రమించిన వారి లైసెన్సు రద్దగును."

ఎదురుగా మాల్ బ్యానరు దించేస్తుంటే కామేశం బజారంతా లడ్డూలు పంచాడు. సువర్చల ఒక లడ్డూ తీసుకుని, ఉత్తర్వు మళ్ళీ చదివింది. చదివి ఆ లడ్డూ తినకుండా పక్కన పెట్టేసింది.

వానాకాలం పోయింది. దీపావళి పోయింది. కార్తీకమాసం వెళ్ళింది. సోమరాజుపేటలో చలి మొదలైంది.

మన గోదావరి ఒడ్డు ఊళ్ళలో చలి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దుగూకాక మెల్లగా వచ్చి, తెల్లవారుజామున మంచుతో కలిసి ఎముకలు కొరికి, ఎండ ఎక్కాక ఎవరో తరిమినట్టు పారిపోతుంది. పదిన్నర, పదకొండు అయ్యేసరికి ఫ్యాను వేసుకోవాలి. మండలి సమావేశాలు పదకొండింటికి మొదలవుతాయి.

మొదటి సమావేశంలో ప్రసాదరావు, "మిత్రులారా, ఎవరికైనా చలి వేయుచున్నదా?" అని అడిగాడు. ఎవరికీ వెయ్యలేదు. "చలి లేదు" అని తీర్మానం రాశారు. రెండో సమావేశంలో ఒక సభ్యుడికి వణుకు పుట్టింది గానీ, అది ఏసీ వల్లనని తేలింది. యంత్రంతో చలి పుట్టించారన్న అపవాదు మండలికి రాకూడదని ఏసీకి లక్క సీలు వేయించారు. బయటి గాలి సభ్యుల అభిప్రాయాన్ని ప్రభావితం చేస్తుందేమోనని కిటికీలు మూయించారు. ఆ తర్వాత ప్రతి సమావేశంలోనూ సభ్యులు చెమటలు కక్కుతూ చలి లేదని రాశారు. ఆ మాటకొస్తే వాళ్ళు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

కామేశం రగ్గులన్నీ తెల్లగుడ్డ కింద దాచి, పైన "చలికాలపు సరుకు కాదు" అని అట్ట పెట్టాడు. గుర్తు చేసినట్టవుతుందని సత్తిరాజు ఆ అట్టని కూడా పీకించాడు. తర్వాత తనే ఒక స్టూలు తెచ్చుకుని కొట్లో కూర్చున్నాడు.

ఒకాయన వచ్చాడు.

"ఓ మంచి రగ్గు చూపించవయ్యా."

కామేశం స్టూలు వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "దేనికండీ?"

"దేనికేంటి? కప్పుకోడానికి."

"కప్పుకోవడం ఎందుకండీ?"

"చలేస్తుంటే కప్పుకోరా? వేళాకోళంగా ఉందా నీకు?"

సత్తిరాజు చటుక్కున లేచాడు. "అదిగో! అనిపించావు. కొనేవాడి నోట చలి అనే మాట అనిపించడం పరోక్ష ప్రచారం. హెచ్చరిక నెంబరు ఒకటి."

"నేను దేనికండీ అనే కదా అడిగానండీ!"

"అడిగిన తీరులో ప్రోత్సాహం ఉంది."

ఆ వచ్చినాయన ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, ఊళ్ళో పిచ్చాసుపత్రి లేనందుకు విచారపడుతూ వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? స్వెట్టరు వేసుకుని రోడ్డు మీద నడిచే మనిషి నడిచే ప్రకటన అని తేల్చారు. వాకింగుకు వచ్చిన పెన్షనర్ల మంకీ క్యాపులు, కప్పుకున్న రగ్గులు ఊడబెరికి, రసీదులిచ్చి, సత్తిరాజు అదుపులో భద్రపరిచారు. సెంటర్లో నలుగురూ వేసుకున్న చలిమంటను ఫైరింజన్ వచ్చి ఆర్పింది. దోమల కోసం వేసుకున్నామని వాళ్ళు ఎంత మొత్తుకున్నా వినలేదు. బహిరంగంగా తుమ్మడం ప్రచారమా కాదా అన్న విషయం న్యాయ సలహాకు పంపారు. చర్చి మీద నక్షత్రం కట్టుకుంటామని పాస్టరుగారు అనుమతి అడిగితే, "ఆకాశమందలి నక్షత్రములు మున్సిపల్ హద్దుకు వెలుపల ఉన్నందున వాటిపై అభ్యంతరము లేదు" అని జవాబొచ్చింది. మంచు పట్టిన రోజున, అది మంచు కాదనీ తాత్కాలిక దృశ్య అస్పష్టత అనీ మైకులో చెప్పించారు. లారీ ఒకటి ఆ అస్పష్టతలో వచ్చి మైకు కట్టిన రిక్షానే గుద్దింది.

ఇంతలో మాల్ మేనేజరు ఒక అర్జీ పెట్టాడు. ఊరికి చలికాలం ఎప్పుడొస్తుందో మాకు సంబంధం లేదు, మా ప్రాంగణంలో మాత్రం అన్ని వేళలా చలిగా ఉంటుంది, కావలిస్తే చూసుకోండి అని. మండలి మొత్తం ఒక మధ్యాహ్నం మాల్‌కి వెళ్ళింది. అక్కడ ఏసీలు అడుగంటా తిప్పి ఉంచారు. సభ్యులు ఎస్కలేటరు ఎక్కుతూనే ఏకగ్రీవంగా వణికారు. వేడి కాఫీ ఇచ్చారు. బయటికి వచ్చేసరికి నందనవనానికి "ప్రాంగణ పరిమిత శీతకాల ధ్రువపత్రం" మంజూరైపోయింది.

"మరి ఆఫీసులో ఏసీకి సీలు వేశారు కదండీ?" అని కామేశం ప్రసాదరావుని రోడ్డు మీదే ఆపి అడిగాడు.

"అది ప్రభుత్వ ఏసీ. ప్రభుత్వం చలిని పుట్టించరాదు. ప్రైవేటు రంగం పుట్టించవచ్చు" అన్నాడు ప్రసాదరావు, కర్చీఫుతో ముక్కు తుడుచుకుంటూ.

మర్నాటి నుంచి మాల్ ముందు జనం బారులు తీరారు. లోపలికి పోయి వణుకుతారు, వణుకుతూ స్వెట్టరు కొంటారు, బయటికొచ్చి సత్తిరాజు చూడకుండా సంచిలో దాచుకుని ఇంటికి పోతారు. ఎదురుగా కామేశం తెల్లగుడ్డ పక్కన కూర్చుని ఈగలు తోలుకునేవాడు. మేనేజరు ఇప్పుడు నమస్కారంతో ఆగడం లేదు. ఇద్దరు మనుషుల్ని తెచ్చి, టేపు పెట్టి కొట్టు ముందు జాగా కొలిపించాడు. కామేశం కడుపు మండిపోయింది. మండి ఏం లాభం? తను రాసిన అర్జీయే ఇదంతా తెచ్చింది. ఆ సంగతి సువర్చల ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అతనికి రోజూ అనిపించేది.

చివరికి వర్తకుల తరఫున మండలికి విన్నవించుకోవడానికి వెళ్ళాడు. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. లోపల సభ్యులు చొక్కా బొత్తాలు విప్పుకుని, ఫైలు అట్టలతో విసురుకుంటున్నారు.

"అయ్యా, ఊరంతా చలికి వణికిపోతోందండీ. చంటిపిల్లలకి కప్పడానికి కూడా ఏమీ అమ్మనివ్వడం లేదు. దయచేసి చలికాలం వచ్చిందని ఒక్క ముక్క రాయండి."

ప్రసాదరావు మెడ మీది చెమట తుడుచుకుని, సభ్యుల వైపు తిరిగాడు. "ఎవరికైనా చలి వేయుచున్నదా?"

ఒకాయన ఇంకో బొత్తాం విప్పాడు.

"ఇప్పుడు కాదండీ. పొద్దున్న అయిదింటికి వచ్చి చూడండి. మీరే ఒప్పుకుంటారు" అన్నాడు కామేశం.

గదిలో అందరూ అతన్ని బూతు మాట్లాడినవాణ్ణి చూసినట్టు చూశారు.

"కామేశంగారూ, పొద్దున్న అయిదింటికి ప్రభుత్వం ఉండదు" అన్నాడు ప్రసాదరావు ఓపిగ్గా. "మన పనివేళలు పదిన్నర నుంచి అయిదు వరకు. పనివేళలకు వెలుపల సంభవించు వాతావరణము మండలి పరిధిలోనికి రాదు. ఈ మేరకు తీర్మానము కూడా చేసియున్నాము."

"మరి తెల్లారగట్ల వేసే చలి ఎవరి పరిధిలోకి వస్తుందండీ?"

"ఎవరి పరిధిలోనికీ రాదు. కావున లేదు."

టీ వచ్చింది. టీ వేడిగా ఉందని ఒక సభ్యుడు విసుక్కున్నాడు. చలి లేదనడానికి అది అదనపు సాక్ష్యమని ప్రసాదరావు గుమాస్తా చేత రాయించాడు.

కామేశం కొట్టు రోజూ తెల్లారకముందే తెరుస్తాడు. అది తాత నాటి అలవాటు. బేరం ఉన్నా లేకపోయినా దీపం పెట్టి, అగరొత్తి వెలిగించి, బోణీ కోసం చూస్తాడు. బోణీ బేరం వదులుకున్న కొట్టు ఆ రోజంతా కలిసిరాదని వాళ్ళ నమ్మకం. మొదట వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం ఆ ఇంటావంటా లేదు. అవసరమైతే కొన్న ధరకే ఇచ్చి పంపుతారు.

క్రిస్మస్ ముందర ఒక తెల్లవారుజామున ఎస్తేరమ్మ వచ్చింది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది. ఏటా క్రిస్మస్‌కి ముందు కామేశం కొట్లో కప్పుకోవడానికి ఏదో ఒకటి కొనుక్కోవడం ఆమెకు ఆనవాయితీ. మంచులోంచి చీపురు పట్టుకుని, భుజాల మీద గోనెపట్టా కప్పుకుని వచ్చింది.

"కామేశం బాబూ, ఓ రగ్గియ్యి. సలి ఎముకలు కొరికేత్తంది. పోయినేడుది ఎలకలు కొట్టేసినాయి."

కామేశం వీధి అటూ ఇటూ చూశాడు. సత్తిరాజు లేడు. కానీ లైసెన్సు కాగితం గోడ మీద ఉంది, ఎదురుగా మాల్ ఉంది, మేనేజరు టేపు కళ్ళ ముందు ఉంది.

"రగ్గులు లేవు ఎస్తేరమ్మా."

"ఆ గుడ్డ కింద ఏంటి మరి?"

"అవి... అవి ఏ కాలానివో ఇంకా తేలలేదు."

ఎస్తేరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "బోణీ మడిసిని ఉత్త సేతుల్తో పంపుతున్నావా? నీ తాత బతికుంటే నీ సెవి మెలేసేవోడు." గోనెపట్టా దగ్గరికి లాక్కుని దగ్గుతూ వెళ్ళిపోయింది. చీపురు చప్పుడు మంచులో చాలాసేపు వినిపించింది.

కామేశం అగరొత్తి ఆర్పేసి కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి బోణీని వెనక్కి పంపాడు. మాల్‌వాళ్ళు కొట్టు కొనేసినా ఇంత నామోషీగా ఉండేది కాదనిపించింది. సువర్చల వచ్చి కాఫీ పెట్టింది. అతను ముట్టలేదు.

మర్నాడు మంచు మరీ చిక్కగా పట్టింది. కొట్టు తెరిచి దీపం పెట్టేసరికి ఒక స్కూటరు వచ్చి ఆగింది. దిగిన మనిషి తలకూ చెవులకూ తువ్వాలు చుట్టుకుని, పంచె మీద పంచె కట్టుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. కామేశం ముందు పోల్చుకోలేదు. మాట వినగానే పోల్చుకున్నాడు.

"కామేశంగారూ... ఒక రగ్గు... కావలసియున్నది."

ప్రత్యేకాధికారి ఉపేంద్ర ప్రసాదరావు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

కామేశం స్టూలు వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. సత్తిరాజు ఆ వేళకి, ఊళ్ళో జప్తు చేసిన రగ్గులన్నీ కప్పుకుని ఇంట్లో హాయిగా నిద్రపోతూ ఉండాలి.

"దేనికండీ?" అన్నాడు కామేశం.

"కప్పుకొనుటకు."

"కప్పుకోవడం ఎందుకండీ?"

ప్రసాదరావు వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా అత్తగారు వచ్చియున్నారు. ఉన్న ఒక్క రగ్గూ ఆవిడ తీసుకున్నారు. నాకు... వణుకు వస్తోంది. ఇది నా వ్యక్తిగత చలి. అధికారిక చలి కాదు."

"మాల్‌లో కొనుక్కోలేకపోయారాండీ?"

"మాల్ పదకొండింటికి గాని తెరవరు. పదకొండింటికి నాకు చలి ఉండదు."

కామేశం గల్లాపెట్టె మీంచి కాగితం, కలం తీసి ముందు పెట్టాడు. "చలేస్తోందని ఒక్క ముక్క రాసివ్వండి. రగ్గు పట్టుకెళ్ళండి."

"పదిన్నరకి ఆఫీసుకు రండి, రాస్తాను."

"పదిన్నరకి చలెక్కడుంటుందండీ?"

"అప్పుడు లేని దానిని ఎట్లు రాయగలను? ఇప్పుడున్న దానిని రాయుటకు నాకు అధికారము లేదు."

గల్లాపెట్టె దగ్గర నుంచి సువర్చల మాట్లాడింది. "అయితే ఇప్పుడు వేసే చలి మీ పరిధిలో లేదన్నమాటేనాండీ?"

"లేదమ్మా. స్పష్టముగా తీర్మానించితిమి."

"మరి ఇప్పుడు అమ్మే రగ్గు?"

ప్రసాదరావు నోరు తెరిచాడు. ఒక చల్లగాలి విసురు వీధిలోంచి వచ్చి ఆయన పంచెల్లోకి దూరింది. "ఇది లోతైన ప్రశ్న. దీనిని మండలి ముందు..." అని మొదలుపెట్టి, వణికి, "పరిధిలో లేదు! పదిన్నరకు ముందు అమ్మునది ఏదియూ మండలి పరిధిలో లేదు! ముందు రగ్గు ఇవ్వండి!" అన్నాడు.

సువర్చల లేచి తెల్లగుడ్డ లాగి పారేసింది. ఎర్రవి, నీలంవి, గళ్ళవి, రగ్గులన్నీ దీపం వెలుగులో బయటపడ్డాయి. ప్రసాదరావు రెండు చేతులూ చాచాడు.

కామేశం ఆ చేతులకి అడ్డం వచ్చాడు. "ఆగండి. ఇంకా బోణీ కాలేదు."

"నేనే గదా బోణీ!"

"మీరు కాదండీ. బోణీ నిన్ననే వచ్చింది. నేనే వెనక్కి పంపాను." మెట్లు దిగి మంచులోకి కేకేశాడు. "ఎస్తేరమ్మా! ఓ ఎస్తేరమ్మా! ఇలా రా!"

గోనెపట్టా కప్పుకుని ఎస్తేరమ్మ వచ్చింది. "నిన్న లేవన్నావుగా?"

"నిన్న నాకు బుద్ధి లేదు. రా, బోణీ చెయ్యి."

ఎస్తేరమ్మ తొందరపడలేదు. ఏడాదికోసారి కొనుక్కునే వస్తువు. ఎర్రది తీయించింది, రంగు పోతుందంది. గళ్ళది తీయించింది, పల్చనంది. నీలంది దీపం దగ్గరికి పట్టుకెళ్ళి నేత చూసింది. తర్వాత బేరం మొదలుపెట్టింది. కామేశం జన్మలో ఎన్నడూ అంత ఇష్టంగా, అంత నెమ్మదిగా బేరం ఆడలేదు. ప్రసాదరావు గడప దగ్గర ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతూ నిలబడ్డాడు.

"కొంచెం త్వరగా..." అన్నాడు.

"ఉండు బాబూ, ఎనకాలొచ్చినోడివి ఎనకాలుండు," అని ఎస్తేరమ్మ వెనక్కి తిరిగి దీపం వెలుగులో మొహం చూసింది. "మా ఆఫీసరు బాబులా ఉన్నావే?"

"కాదు," అన్నాడు ప్రసాదరావు.

పనివేళలకు వెలుపల ఆయన కూడా లేనట్టే కదా. కామేశం ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ఎస్తేరమ్మకు నీలం రగ్గు కొన్న ధరకే ఇచ్చి, డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకున్నాడు. తర్వాత ప్రసాదరావుకి ఎర్రది అంటగట్టాడు. అది నిజంగానే రంగు పోతుంది.

మర్నాటి నుంచి సోమరాజుపేట మెయిన్ బజారు చీకటితోనే తెరుచుకుంది. "పదిన్నరకు ముందు మేం లేం" అని సువర్చల అట్ట రాసి కట్టింది. జనం లాంతర్లతో, టార్చిలైట్లతో, చంటిపిల్లలతో వచ్చారు. అంత చలిలో చలి బేరం చేయడానికి ప్రచారం ఎవరికి కావాలి? వీధిలో నిలబడితే చాలు, కాళ్ళే కొట్లోకి లాక్కొచ్చేవి. పది దాటగానే తెల్లగుడ్డలు కప్పేసేవారు. సత్తిరాజు పదిన్నరకు వచ్చి, స్టూలు వేసుకుని, అంతా సవ్యంగా ఉందని రాసుకునేవాడు. మాల్‌లో వణకడానికి ఎవరూ పోవడం లేదు. ఊరికే దొరికే వణుకు ఉండగా ఎస్కలేటరు ఎక్కేదెవరు? సంక్రాంతి నాటికి కామేశం కొట్లో రగ్గు అన్నది మిగల్లేదు. మేనేజరు టేపు చుట్టి లోపల పెట్టేశాడు. కొట్టు నిలిచింది.

కథ ఇక్కడితో అయిపోతే ప్రభుత్వానికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఎండాకాలం వచ్చింది. కిటికీలు మూసి, ఏసీకి సీలు వేసిన గదిలో మండలి కూర్చోలేకపోయింది. రద్దు చేద్దామా అంటే, రద్దు చేయాలన్నా సమావేశం కావాలి. మాల్ మేనేజరు పెద్దమనసు చేసుకుని తమ పైఅంతస్తు హాలు ఇస్తానన్నాడు. రోహిణి కార్తె మొదటి రోజున మండలి అక్కడ సమావేశమైంది. "ఎవరికైనా చలి వేయుచున్నదా?" అని ప్రసాదరావు అడిగాడు. అందరూ ఒక్కసారే చేతులెత్తారు. పనివేళల్లో, సమావేశమందు, ఏకగ్రీవంగా. దేనికీ వంక పెట్టడానికి లేదు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు అంటించారు. "శీతకాలము వచ్చియున్నది. సమస్త వర్తకులు తక్షణము పండుగ ప్రచారము ప్రారంభించవలెను. ప్రారంభించని వారి లైసెన్సు రద్దగును. ఫ్యాను, విసనకర్ర, మజ్జిగ, కూజా ఇత్యాది ఋతువిరుద్ధ వస్తువులను వాడరాదు. అడిగిన వారికి చలిగా ఉన్నదని చెప్పవలెను."

మర్నాడు మిట్టమధ్యాహ్నం మాల్ ముందు అప్పన్న మళ్ళీ ఎర్రకోటు, దూది గడ్డంతో నిలబడ్డాడు. ఈసారి భుజానికి మున్సిపాలిటీ బిళ్ళ కూడా ఉంది. ఎదురుగా కామేశం నిచ్చెనెక్కి, బోర్డుకి దూదితో మంచు అతికిస్తున్నాడు. ఫ్యాను స్విచ్చికి సీలు పడింది. సత్తిరాజు స్టూలు మీద రగ్గు కప్పుకుని, చెమట ధారలు కట్టగా, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. కామేశం నిచ్చెన దిగి, అలవాటుగా కాగితం, కలం అందుకోబోయాడు. సువర్చల కలం లాక్కుని గల్లాపెట్టెలో పడేసి తాళం వేసింది.

రోడ్డు ఊడుస్తూ ఎస్తేరమ్మ వచ్చి కొట్టు ముందు ఆగింది. నెత్తి మీద తడిగుడ్డ వేసుకుంది. దూది మంచునీ, రగ్గు కింద సత్తిరాజునీ, అప్పన్న గడ్డాన్నీ వరసగా చూసింది.

"ఏం బాబూ," అంది, "సలేత్తందా?"

సత్తిరాజు పెన్సిలు పైకి లేచింది. కామేశం నుదుటి మీంచి కళ్ళలోకి కారుతున్న చెమట తుడుచుకున్నాడు.

"చంపేస్తోంది ఎస్తేరమ్మా."